పిన్ని అనని మాట

బ్లాగు మొదలుపెట్టిన మూడు నెలల వరకూ నా రాతలు చదివిన మనిషి ఒక్కరే. ఆ ఒక్కరూ నేనే. పేజీ అడుగున ఎంతమంది వచ్చారో చూపించే చిన్న డబ్బా ఒకటి ఉండేది. ఆదివారం వెళ్లి తెరిచినప్పుడల్లా అందులో ఒక అంకె పెరిగేది. అబ్బో, ఎవరో వచ్చారని సంబరపడి, ఆ వచ్చింది పోయిన ఆదివారం నేనేనని గుర్తొచ్చి, ఒళ్లు మండి ఇంటికి పోయేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. నేను బాపట్లలో ప్రైమరీ స్కూలు టీచర్ని. ఉండేది తెనాలిలో, అమ్మతో. రోజూ పాసింజరులో పోయి రావడం. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఆదివారం చర్చి అయిపోగానే బైబిలు సంచి భుజాన వేసుకుని, ఆ పట్టుచీర మీదే నెట్ సెంటర్‌కి వెళ్లేదాన్ని. అక్కడున్న అయిదు సిస్టమ్‌లలో రెండో నంబరు దాంట్లోనే తెలుగు కనపడేది. మిగతా వాటిలో తెలుగు తెరిస్తే అన్నీ డబ్బాలే. రెండో నంబరు దగ్గర ఎవరైనా కూర్చుని ఉంటే, వాళ్ల వెనక నిలబడి పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ చూసినట్టు చూసేదాన్ని. పాపం, తొందరగానే లేచేవాళ్లు.

బ్లాగులో రాసే ఒక్కో రాతనీ టపా అనేవాళ్లం. నా మొదటి టపా పేరు 'ప్రాథమిక విద్య: సమస్యలు, పరిష్కారాలు'. రెండోది 'మాతృభాష ప్రాధాన్యత'. మూడోది చెప్పను, సిగ్గు. చదివినవాళ్లు కింద తమ మాట రాయడానికి చోటుండేది. నాకు అక్కడ మూడు నెలల్లో ఒకే ఒక్క మాట వచ్చింది. బరువు తగ్గే మందు కావాలా అని ఎవరో ఇంగ్లీషులో అడిగారు.

నెట్ సెంటర్ యజమాని యాభై దాటిన సాయిబుగారు. అంతకుముందు అదే గదిలో టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపారు. నేను ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. టీ గ్లాసు పట్టుకుని వెనక తిరుగుతూ, ఎవరి తెర మీద ఏముందో చదవడం ఆయనకి అలవాటు. టైపు నేర్పిన రోజుల నుంచీ వచ్చిన అలవాటట, తప్పులు కనపడితే ఆగలేరట.

"టీచరమ్మా, కోప్పడనంటే ఒక మాటండి," అన్నారు ఒకరోజు.

"చెప్పండి."

"మీది చదువుతుంటే నన్ను మళ్లీ బళ్లో కూర్చోబెట్టినట్టుందండి. మొదటి లైను చూసి మూసేస్తారండి ఎవరైనా. నేనైతే మూసేశాను."

కోప్పడనని మాటివ్వలేదు కాబట్టి కోప్పడ్డాను. జ్ఞానం కావలసినవాళ్లే చదువుతారు, అక్కర్లేనివాళ్లు పోతారు అన్నాను. ఆయన తలూపి పోయారు. నేను ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ మాట నన్ను వదలలేదు. నిజమే కదా, జనం ఏది చదువుతారు? ఏది వింటారు? ఒక మనిషి నోరు తెరిస్తే అందరూ చెవులు రిక్కించడం, ఇంకో మనిషి నోరు తెరిస్తే అందరూ పని గుర్తొచ్చి లేచిపోవడం ఎందుకు? ఇరవై ఎనిమిదేళ్లు బతికి, అందులో ఆరేళ్లు పిల్లల ముందు మాట్లాడుతూ కూడా, ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. వచ్చాక మాత్రం దురద పట్టినట్టు పట్టుకుంది.

తర్వాతి ఆదివారం చర్చిలో ప్రసంగం వినడం మానేసి, వినేవాళ్లని చూడటం మొదలుపెట్టాను. మా అయ్యగారు వాక్యం చెప్పి దాని అర్థం విడమరుస్తున్నంతసేపూ ఆడవాళ్ల వైపు విసనకర్రలు ఊగుతూనే ఉన్నాయి, మగవాళ్ల వైపు దగ్గులు వినపడుతూనే ఉన్నాయి. ఆయన "మొన్న నేను చేబ్రోలు నుంచి బస్సులో వస్తుంటే" అన్నారు. విసనకర్రలన్నీ ఆగిపోయాయి. బస్సులో ఏం జరిగిందో ఇంకా చెప్పనే లేదు. బస్సెక్కారంతే. దేవుడి మాట కంటే బస్సు మాటకి తలలెత్తే జనాన్ని చూసి నాకు నవ్వొచ్చింది. ఆ ఎత్తిన తలల్లో నాదీ ఉంది.

రేపల్లెలో మా పెద్దమ్మ ఉంది. ఆవిడ మాట మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ లేవరు. ఎట్లా చెబుతుందో చూద్దామని ఒక శనివారం పనిగట్టుకుని రేపల్లె బండెక్కాను. వెళ్లేసరికి కోడి పోయిన గొడవలో ఉంది. కానీ కోడి పోయిందని చెప్పలేదు. "పొద్దున లేచేసరికి పక్కింట్లోంచి అల్లం వెల్లుల్లి వాసనే," అంది. తర్వాత, ఆ ఇంటావిడ ఎప్పుడూ లేనిది వాకిలి రెండుసార్లు ఊడ్చిందంది. తర్వాత, వాళ్ల పిల్లాడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడంది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కోడి మాట వచ్చేసరికి నా టీ చల్లారిపోయింది.

"పెద్దమ్మా, నీకు ఇట్లా చెప్పడం ఎవరు నేర్పారే?" అన్నాను.

"నేర్పేదేముందే? నా కళ్లకి ఏ వరసలో కనపడితే ఆ వరసలో చెప్తాను. కనపడంది ఎక్కడి నుంచి తెస్తాను?"

ఈ మాట నా పాఠ్యప్రణాళిక నోట్సు వెనక పేజీలో రాసుకున్నాను. మొదటి సగం కింద ఎర్ర గీత కూడా గీశాను. రెండో సగం కింద గీయలేదు. అదే నా కొంప ముంచింది.

జూన్‌లో బడి ఈడు పిల్లల సర్వే వచ్చింది. బడికి రాని పిల్లలెవరో ఇంటింటికీ తిరిగి రాసుకోవడం టీచర్ల పని. ఆ ఏడు నాకు సూర్యలంక దగ్గర జాలరుల పేట పడింది. సముద్రంలో వేట నిషేధం ముగిసి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. నెలన్నర పనిలేకుండా ఉన్న పడవలు అప్పుడప్పుడే నీళ్లలోకి దిగుతున్నాయి. పొద్దున వెళ్లినదాన్ని మిట్టమధ్యాహ్నం దాకా ఇసకలో తిరిగాను. సీసాలో నీళ్లు అయిపోయాయి, తల తిరుగుతోంది. ఐస్ ఫ్యాక్టరీ దాటాక నీలం తలుపు ఇల్లొకటి కనపడింది. ముందు బోర్లించిన పాత పడవ ఉంది. దాని మీద కూలబడి, "పిన్నీ, కాసిని మంచినీళ్లు" అన్నాను.

లోపలి నుంచి మా అమ్మ కంటే నాలుగైదేళ్లు చిన్నదనిపించే ఆవిడ చెంబుతో వచ్చింది. నా మొహం చూసింది. నీళ్లిచ్చి లోపలికి పోయి, కంచంలో అన్నం, నెత్తళ్లు మామిడికాయ కూర పెట్టుకొచ్చింది. అమ్మకానికి పోగా ఇంటి కూరకని పక్కన పెట్టుకునే చేపలవి. నేను వద్దన్నాను. ఎంత మెల్లగా వద్దన్నానంటే, ఆవిడకి వినపడకూడదనే అన్నానేమో.

"మీకు ఉండొద్దా పిన్నీ?"

ఆవిడ గిన్నెలోకి తొంగి చూసి, "ఇవాళ్టికి సరిపోద్దిలే," అంది.

తిన్నాను. ఇంటి పిల్లల వివరాలు రాసుకున్నాను. పెళ్లై అత్తారింటికి పోయిన కూతురు తప్ప పిల్లల్లేరు. ఇంటాయన సముద్రం నుంచి వచ్చి ఇసకలో పడుకుని ఉన్నాడు. ఏ బడిలో చెబుతావమ్మా అని ఆవిడ అడిగింది, చెప్పాను. అంతే జరిగింది.

ఆ ఆదివారం రెండో నంబరు సిస్టమ్ ముందు కూర్చుని, పెద్దమ్మ చెప్పినట్టు, కళ్లకి కనపడిన వరసలో రాశాను. అయిపోయిన నీళ్ల సీసా, ఐస్ ఫ్యాక్టరీ గోడ పక్కన తడి, నీలం తలుపు, బోర్లించిన పడవ, ఆవిడ ముక్కుకి ఒకవైపే ఉన్న ముక్కుపుడక, నెత్తళ్లలో మామిడి ముక్క. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పక్కన తెలుగు వస్తోంది, వేళ్లు తడబడకుండా పోతున్నాయి. వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. బాబాయ్ గారు టీ తాగడం మరిచిపోయి చదువుతున్నారు. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం పదో తరగతి ఫలితాలప్పుడు కూడా కలగలేదు.

చివరికొచ్చి ఆగాను. 'ఇవాళ్టికి సరిపోద్దిలే' అని రాశాను. చూస్తే చప్పగా ఉంది.

"చివర్లో ఒక డైలాగు పడాలండి టీచరమ్మా. చదివినవాళ్లకి మనసులో ఉండిపోవాలి," అన్నారు బాబాయ్ గారు.

ఆయన చెప్పింది అంతవరకే. మిగతాది నేనే చేశాను. ఆ వాక్యం కొట్టేసి, పిన్ని నోట ఇట్లా పెట్టాను: "ఈ గుమ్మం ఎక్కినవాళ్లు ఆకలితో దిగరమ్మా. ఎవరొచ్చినా, ఎప్పుడొచ్చినా అన్నం ఉంటుంది." చదువుకుంటే నా కళ్లలోనే నీళ్లు తిరిగాయి. నేను కల్పించిన మాటకి నేనే ఏడవడం ఎంత విడ్డూరమో అప్పుడు తోచలేదు. అబద్ధమని కూడా అనిపించలేదు. ఆవిడ మనసులో ఉన్నదే కదా, నేను కాస్త పైకి తెచ్చానంతే అనుకున్నాను. పిల్లలు ఇట్లాంటి సాకు చెబితే గోడ కుర్చీ వేయించే టీచర్ని.

ఆ టపా పేలింది. కొత్త టపాలన్నీ ఒకచోట చూపించే సైట్లలో పైన కూర్చుంది. వారం తిరిగేసరికి కింద ముప్ఫై దాకా వ్యాఖ్యలు. 'కళ్లు చెమర్చాయండి', 'మా నాయనమ్మ గుర్తొచ్చింది', 'ఇంకా ఇలాంటి మనుషులున్నారా'. ఎవరో దాన్ని మెయిల్లో పెట్టి ఊరంతా పంచారు. గుంటూరులో పనిచేసే మా స్కూలు టీచరు తమ్ముడికి అది ఎక్కడెక్కడో తిరిగి వచ్చిందట. ప్రింటు తీయించి స్టాఫ్ రూములో బల్ల మీద, ఎవరో మరిచిపోయినట్టు పెట్టాను. ఎవరు మరిచిపోయారో అందరికీ తెలుసు.

చాలామంది చివరి వాక్యాన్నే మళ్లీ రాసి మెచ్చుకున్నారు. అదొక్కటే నా మనసులో ముల్లులా గుచ్చుకునేది. పొగడ్త ముందు ముల్లు ఎంతసేపు నిలుస్తుంది?

నెలాఖరున ఒకాయన రాశాడు. 'సూర్యలంక బీచ్‌కి వెళ్లాం. మీరు రాసిన ఇల్లు వెతుకుదామనుకున్నాం, దొరకలేదు. కాస్త దారి చెప్తారా?' నా రాత చదివి ఒక మనిషి ఇల్లు వెతుక్కుంటూ పోవడమా! ఒళ్లు తెలియలేదు. బీచ్ రోడ్డు నుంచి ఎటు తిరగాలో, ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఎన్నో ఇల్లో, పటం గీసినంత వివరంగా జవాబు రాశాను. పది రోజులకి ఆయనే మళ్లీ రాశాడు: 'వెళ్లామండి. నిజంగానే పెట్టింది! డబ్బులిస్తే తీసుకోలేదు! మీరు రాసింది అక్షరాలా నిజం.' దాని కింద ఇంకొకరు, మేమూ వెళ్తాం అని. దాని కింద ఇంకొకరు.

నేను మురిసిపోయాను. కల్పించిన మాట నిజమైపోయింది, ఇంకేం కావాలి? ముల్లు కూడా ఊడిపోయింది. పిన్ని ఎంతటి మనిషో నేను ముందే కనిపెట్టానని నన్ను నేను మెచ్చుకున్నాను. ఆ ఇంట్లో ఎన్ని గ్లాసుల బియ్యం వండుతారన్న ఆలోచన నాకు రాలేదు. అన్నిటి గురించీ కుతూహలమే, ఆ ఒక్కదాని గురించి తప్ప.

సెప్టెంబర్లో 'అజ్ఞాత' పేరుతో ఒక వ్యాఖ్య వచ్చింది.

'మీరు రాసినంత ఏమీ లేదండి. మేం మొత్తం తొమ్మిది మందిమి వెళ్లాం. చేప లేదు. పప్పుచారు, ఊరగాయ పెట్టింది. అన్నం కూడా రెండోసారి వండేదాకా ఆగాల్సి వచ్చింది. ఊరికే ఎక్కువ చేసి రాయకండి.'

ముందు నాకొచ్చింది కోపం. తిన్న ఇంటికి వంకలు పెట్టే వీడెవడు? వేళ్లు విరుచుకుని జవాబు కొట్టడం మొదలుపెట్టాను. 'అయ్యా, తొమ్మిది మందిని వేసుకుని ముక్కూమొహం తెలియని ఇంటికి' దాకా వచ్చి, అక్కడ ఆగిపోయాను. తొమ్మిది మంది. పైకి పోయి వ్యాఖ్యలన్నీ మొదటి నుంచి చదివాను, ఈసారి పొగడ్తలు వదిలేసి. ఈ ఆదివారం నలుగురం, పోయిన ఆదివారం ఫ్రెండ్స్ ఆరుగురం, మా ఆవిడ వాళ్ల అక్క కుటుంబం. జూలై నుంచి ఒక్క ఆదివారం ఖాళీ లేదు. రాయనివాళ్లు ఎంతమందో.

తర్వాతి ఆదివారం చర్చి మానేసి బాపట్ల బండెక్కాను. ఎందుకు రావడం లేదో అమ్మకి చెప్పలేదు. స్టేషన్ నుంచి షేర్ ఆటోలో పేటకి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. నీలం తలుపు ముందు తెల్ల కారొకటి ఆగి ఉంది. పంచలో నలుగురు బాసింపట్టు వేసుకుని తింటున్నారు. పిన్ని వడ్డిస్తోంది. వాళ్లలో ఒకావిడ ముచ్చటగా అడుగుతోంది, "మీరు అంటారంట కదండీ, ఈ గుమ్మం ఎక్కినవాళ్లు ఆకలితో దిగరని?"

పిన్ని గరిటె ఆపకుండానే, "అవునమ్మా," అంది.

నేను అక్కడే ఇసకలో నిలబడిపోయాను. భూమి చీలితే బాగుండునని పెద్దవాళ్లు అంటుంటే ఊరికే అంటారనుకునేదాన్ని.

పిన్నే నన్ను చూసింది. మొహం వెలిగిపోయింది. "రా తల్లీ, రా! మీవాళ్లే వచ్చారు, చూడు," అంది.

మీవాళ్లు. అప్పుడు నాకు అర్థమైంది. మొదటి రోజు నుంచీ వచ్చిన ప్రతివాళ్లూ 'టీచరుగారు రాశారండి, అందుకే వచ్చాం' అన్నారు. బ్లాగంటే ఏంటో పిన్నికి తెలియదు. టీచరమ్మ తనవాళ్లందరికీ ఉత్తరాలు రాసి పంపుతోందనుకుంది. ఉత్తరం పట్టుకొచ్చిన చుట్టాలని ఎవరు కాదంటారు? వాళ్లు డబ్బు తీయబోతే, టీచరమ్మ మనుషుల దగ్గర తీసుకుంటానా అని వెనక్కి నెట్టిందట.

కారు వెళ్లిపోయాక పడవ మీద కూర్చున్నాం. బాబాయ్ ఏరి అని అడిగాను. ఇంటాయన గురించి.

"ఆదివారాలు వాళ్ల చెల్లెలింటికి పోయి తింటన్నాడు. అక్కడైతే సరిపోద్ది. ఆయనకేం లేదులే, మగోడు కదా, చెల్లెలింట్లో తినడానికి కాస్త మొహమాటం. అంతే."

వాళ్ల చెల్లెలు ఊరుకోదు కదా, ఏమందో కూడా నేను అడిగితేనే చెప్పింది. మీ ఇంటికి మహారాజులొస్తన్నారు, మా అన్న మాత్రం మా గుమ్మంలో కూర్చుంటన్నాడు అందట. సముద్రం మీద కష్టపడి వచ్చిన మనిషి, తను పట్టిన చేప తన ఇంట్లో తినడానికి లేకుండా పోయింది. అదీ నేను రాసిన ఒక మంచి వాక్యం వల్ల. నాకు ఏడుపొచ్చేసింది.

"పిన్నీ, ఆ మాట మీరు అనలేదు. నేనే కల్పించాను."

"తెలుసులే," అంది. "మొదటిసారి వాళ్లు చెప్పినప్పుడు, ఎప్పుడన్నానా అని రెండ్రోజులు ఆలోచించా. అనలేదు."

"మరి అనలేదని వాళ్లకి చెప్పొచ్చు కదా!"

పిన్ని నా వైపు వింతగా చూసింది.

"ఎట్టా చెప్పేది? పిల్లలకి చదువు చెప్పేదానివి. నువ్వు అబద్ధం రాశావని పైవాళ్ల ముందు నేను అనాలా?"

నా జీవితంలో చాలామంది నన్ను తిట్టారు. ఎవరూ ఇంత గట్టిగా కొట్టలేదు. నేను రాసిన అబద్ధాన్ని, మూడు నెలలుగా, బియ్యం పోసి చేప పెట్టి, ఈవిడ నిజం చేస్తూ వచ్చింది. నా పరువు కోసం.

సంచిలో ప్రింటుంది. ఏం రాశావో చదవమని పిన్ని అడిగితే తీసి చదివి వినిపించాను. పిన్ని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. ముక్కుపుడక దగ్గర సిగ్గుపడి నవ్వింది. అంతా అయ్యాక, "బాగుంది తల్లీ. వింటంటే నాకే ఆ ఇంటికి పోవాలనిపిస్తంది," అంది. మళ్లీ కాగితం వైపు చూసి, "నేనన్నది రాయలేదేం మరి?" అని అడిగింది.

చప్పగా ఉందని తీసేశానని ఎట్లా చెప్పను?

ఇక ఎవరొచ్చినా టీచరమ్మ తప్పు రాసిందని చెప్పి పంపేయమని బతిమాలాను. "నేను చెప్పను. నువ్వు రాశావు, నువ్వే చెప్పుకో," అంది. కోపంగా కాదు, పని ఎవరిదో తేల్చినట్టు.

ఆ సాయంత్రమే తెనాలిలో దిగి తిన్నగా నెట్ సెంటర్‌కి పోయాను. టపా తీసేద్దామని చెయ్యి పెట్టాను. నిజం చెప్పాలంటే వెంటనే నొక్కలేదు. తీసేస్తే వ్యాఖ్యలు కూడా పోతాయండి అన్నారు బాబాయ్ గారు. అంత జరిగాక కూడా ఆ పొగడ్తలు పోతాయంటే ప్రాణం ఉసూరుమంది. సంగతంతా ఆయనకి చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "డైలాగు పెట్టమన్నది నేనేనండి," అన్నారు. కల్పించమని మీరు అనలేదు కదా అన్నాను. తర్వాత తీసేశాను. దాని చోట ఇంకోటి రాశాను: ఆ మాట ఆవిడ అనలేదు, నేను కల్పించాను, దయచేసి ఆ ఇంటికి వెళ్లకండి, ఆ ఇంటాయన ఆదివారం ఇంట్లో అన్నం తినాలి. వచ్చిన వ్యాఖ్యలు నాలుగు. మూడు తిట్లు.

కానీ మెయిళ్లలో తిరిగే దాన్ని తీసేసేది ఎవరు? కార్లు ఇంకా వస్తాయి. ఆ తలుపు ముందు ఆగినవాళ్లు చదివేలా ఏదైనా ఉండాలి. వారమంతా స్కూల్లో అదే ఆలోచన. గుంటూరు నుంచి ఆశగా వచ్చిన మనిషి, పిన్ని నోరెత్తే అవసరం లేకుండా, మొహం చిన్నబుచ్చుకోకుండా వెనక్కి తిరగాలి. మొదటి లైను చూసి మూసేయకూడదు. నేను అన్నాళ్లుగా వెతికిన విద్య అంతా అక్కడ కావాల్సి వచ్చింది. ఒక చార్టు పేపరు మీద స్కెచ్ పెన్నుతో రాసి, శనివారం బడి అయ్యాక పట్టుకెళ్లాను. 'ఇక్కడ భోజనం లేదు' అని మొదలవుతుంది.

పిన్ని చదివించుకుని తల అడ్డంగా ఊపింది. "నా తలుపు మీద లేదనే మాట ఉండకూడదు తల్లీ."

ఇంకోటి రాశాను. అందులో ఆవిడ మంచితనం గురించి రెండు లైన్లున్నాయి. అది వింటే జనం ఇంకా వస్తారంది. నిజమే. ఇంకోటి రాశాను. చీకటి పడబోతుండగా చార్టు వెనకవైపు రాసింది ఆవిడకి నచ్చింది:

'ఈ ఇంటి గురించి మీరు చదివింది రాసిన టీచర్ని నేను. ఒకరోజు దాహమేసి ఇక్కడ ఆగాను. ఈ ఇంటివాళ్లు తమ కూడు తీసి నాకు పెట్టారు. ఎవరొచ్చినా పెడతామని ఈమె అనలేదు. అది నా అబద్ధం. మీరు తింటే ఈ ఇంటాయన పస్తు.'

"చివర్లో మీరేదైనా అనండి పిన్నీ. అదే రాస్తాను. ఒక్క అక్షరం మార్చను," అన్నాను.

చాలాసేపు ఆలోచించింది. ఆవిడ అంత ఆలోచిస్తుంటే ఏం వస్తుందోనని పెన్ను పట్టుకుని ముందుకి వంగి కూర్చున్నాను.

"మంచినీళ్లున్నాయి. అడగండి," అంది.

అదే రాశాను. ఉడకబెట్టిన మైదాపిండితో నీలం తలుపుకి అంటించాం.

మర్నాడు మళ్లీ వెళ్లాను, చూడకుండా ఉండలేక. మధ్యాహ్నం ఒక కారొచ్చింది. భార్యాభర్తలు దిగారు, తలుపు ముందు నిలబడి చదివారు. ఆయన ఒకసారి, ఆవిడ ఇంకోసారి. లోపలికి చూసి, "అమ్మా, మంచినీళ్లిస్తారా?" అన్నాడాయన. పిన్ని చెంబు తెచ్చిచ్చింది. తాగి, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

కారు మలుపు తిరిగాక ఇంటాయన పంచలోకి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. పిన్ని ఆయనకి కానాగంత చేపల పులుసు వడ్డించి, నా వైపు తిరిగి గిన్నెలోకి తొంగి చూసింది.

"నువ్వూ కూర్చో తల్లీ. ఇవాళ్టికి సరిపోద్దిలే."

నేను మంచినీళ్లు అడిగాను.